వేడివేడిగా ఎవరికి?

రెండేళ్ల క్రితం ఒక సాహిత్య సభలో స్త్రీల కవిత్వం మీద మాట్లాడి వచ్చి కూర్చున్నాను. నా తర్వాత మైకు అందుకున్నాయన పేరున్న విమర్శకుడే. నవ్వుతూ మొదలుపెట్టాడు. “మన స్త్రీవాదులు ముప్ఫై ఏళ్లుగా వంటింటి గడప దాటడం లేదు. ఇప్పుడు వంటింట్లో ఏముందండీ? రోలు పోయింది, పొగ పోయింది. మా కోడలు అమెరికాలో రెండు బ్రెడ్ ముక్కల మధ్య ఇంత చీజ్ పెట్టి పెనం మీద వేస్తుంది. అయిదు నిమిషాల్లో వంటైపోతుంది. ఇంకా దేని మీద మీ పోరాటం?”

సభంతా నవ్వింది. ఆడవాళ్లూ నవ్వారు. నిజం చెప్పొద్దూ, నేనూ మర్యాదకి ఓ నవ్వు నవ్వాను. అప్పటికప్పుడు సమాధానం తోచలేదు.

ఈ వెక్కిరింత మనకి కొత్తేమీ కాదు. 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చిన రోజుల నుంచీ వింటూనే ఉన్నాం. విమల ‘వంటిల్లు’ కవిత గురించి ఎవరు మాట్లాడినా వెనక వరసలోంచి ఎవరో ఒకరు ఇలాంటి మాట విసరడం మామూలే. అప్పుడు “ఇంత చిన్న విషయం మీద కవిత్వమా?” అనేవారు. ఇప్పుడు “ఆ విషయమే లేకుండా పోయింది కదా?” అంటున్నారు. ఉన్నప్పుడు చిన్నదైన విషయం చివరికి అసలు లేకుండానే పోయిందన్నమాట!

పోయిన సంవత్సరం అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాను. ఆ అయిదు నిమిషాల వంట ఎలా ఉంటుందో దగ్గరుండి చూశాను. ఆయనకి ఇవ్వాల్సిన సమాధానం ఇది. ఆలస్యమైంది, అయితే సమాధానం దోసె లాంటిది కాదు కదా, చల్లారితే పాడైపోవడానికి.

అదొక శనివారం మధ్యాహ్నం. ఇంట్లో అయిదుగురం. అమ్మాయి, అల్లుడు, ఇద్దరు పిల్లలు, నేను. “ఇవాళ వంటేం లేదు, హామ్ అండ్ చీజ్ శాండ్‌విచ్‌లు చేసేస్తాను” అంది అమ్మాయి. ‘వంటేం లేదు’ అన్న ఆ మాట గుర్తుపెట్టుకోండి.

చూడ్డానికి తేలికే. ఒక బ్రెడ్ ముక్క మీద చీజ్, దాని మీద హామ్, మళ్లీ చీజ్, పైన ఇంకో బ్రెడ్ ముక్క. చీజ్ రెండు వైపులా ఉండాలి. కరిగి రెండు బ్రెడ్ ముక్కల్నీ హామ్‌కి అతికించేది అదే. ఒకవైపే వేస్తే తిరగేసేటప్పుడు పై ముక్క జారి పక్కన పడుతుంది. హామ్‌లో తడి ఉంటుంది కాబట్టి దాన్ని ముందు ఉత్త పెనం మీద ఒక నిమిషం వేయించాలి, లేకపోతే లోపల బ్రెడ్ నానిపోతుంది. వెన్న బ్రెడ్‌కి బయటివైపు, అంచుల దాకా రాయాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గట్టి వెన్న రాస్తే బ్రెడ్ చిరుగుతుంది. అంచేత వెన్న ముందే తీసి బయట పెట్టడం ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో నేను చెప్పక్కర్లేదు.

అసలు కిటుకంతా సెగలో ఉంది. మంట పెద్దదైతే చీజ్ కరిగేలోపు బ్రెడ్ మాడిపోతుంది. సన్న సెగ మీద, రెండు నిమిషాలు మూతపెట్టి, అట్లకాడతో మెల్లగా నొక్కి, అంచు ఎత్తి రంగు చూసి, తిరగేసి, మళ్లీ అంతసేపు. ఒక్క వాయకి ఏడెనిమిది నిమిషాలు. మా అమ్మాయి పెనం మీద వాయకి రెండే పడతాయి.

మొదటి వాయలో ఒకటి మాడింది. “మమ్మీ, ఆకలి!” అని పిల్లలు గోల పెడుతుంటే మంట పెంచింది మరి. మాడినదాన్ని చప్పుడు చేయకుండా గట్టు మీద పక్కన పెట్టి, బాగున్నదాన్ని చిన్నదానికిచ్చింది. రెండో వాయ పెద్దవాడికీ అల్లుడికీ. మూడో వాయలో ఒకటి నాకు, ఇంకోటి మళ్లీ అల్లుడికి. “ముందు పిల్లలకీ అతనికీ పెట్టవే” అన్నది ఎవరనుకున్నారు? నేనే. పాతికేళ్లు కాలేజీలో పాఠం చెప్పి, స్త్రీల శ్రమ మీద సెమినార్లలో పత్రాలు చదివిన నేనే. ఆ మాట నా నోట్లోంచి మా అమ్మ గొంతుతో వచ్చింది.

నాది నా ప్లేట్లోకి వచ్చినప్పుడు చీజ్ తీగలా సాగుతోంది. బ్రెడ్ కరకరలాడుతోంది. “ఎంత బాగుందే!” అన్నాను. నిజంగానే బాగుంది. సగం తిన్నాక తలెత్తి చూస్తే అమ్మాయి సింకు దగ్గర ఒక చేత్తో పెనం నానబెడుతూ, రెండో చేత్తో ఆ మొదటి వాయలో మాడినదాన్ని తింటోంది. అది పెనం దిగి అప్పటికి పావుగంట దాటింది. చీజ్ రబ్బరులా బిగుసుకుని, బ్రెడ్ చెమ్మగిల్లి మెత్తబడి ఉంటుంది.

“ఇంకోటి వేసుకోరాదూ?” అన్నాను.

“ఎందుకమ్మా, నాకిలా మెత్తబడిందే ఇష్టం” అంది.

ఆ మాటకి నా చేతిలో ముక్క అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అది నాకు కొత్త వాక్యం కాదు.

మా అమ్మ ఎనిమిదిమందికి దోసెలు వేసేది. కుంపటి ముందు పీట మీద కూర్చుని వేసే రోజుల నుంచి గ్యాసు గట్టు దగ్గర నిలబడి వేసే రోజుల దాకా. గ్యాసొచ్చాక అమ్మకి పొగ బాధ పోయి, కాళ్ల నొప్పులొచ్చాయి. నాన్న, తాతయ్య, అన్నయ్యలు, తర్వాత మేము. పెనానికి అంటుకుపోయి చిరిగిన మొదటి అట్టు పక్కన పెట్టుకునేది. పది దాటాక, పిండి గిన్నె అడుగున మిగిలిన పిండితో ఒకటి వేసుకుని, ఆ చిరిగినదీ ఇదీ కలిపి నిలబడే తినేది. అడిగితే “నాకు చల్లారినవే ఇష్టం” అనేది. మేం నమ్మాం. ఎంతగా నమ్మామంటే, ఆమె పోయాక సంవత్సరీకానికి మా వదిన “అత్తయ్యకి చల్లటి అట్లు ఇష్టం కదా” అని ముందురోజే వేసి పెట్టింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను మాత్రం వదిన మాటని సరిదిద్దలేదు.

మా అమ్మ ఏడో తరగతి చదివింది. మా అమ్మాయి కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్. భాష మారింది, దేశం మారింది, పెనం మీద వస్తువు మారింది. అబద్ధం మాత్రం అక్షరం పొల్లుపోకుండా సముద్రం దాటింది.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. వంట కష్టాన్ని మనం ఇంతకాలం నిమిషాల్లో కొలిచాం, బరువుల్లో కొలిచాం, పొగలో కొలిచాం. ఆ కొలతలు అవసరమే. అయితే ఇంకో కొలత మన లెక్కలోకి రాలేదు. వంటలు రెండు రకాలు. వండినమనిషిని కూర్చోనిచ్చేవి కొన్ని, నిలబెట్టేవి కొన్ని. అన్నం, పప్పు, పులుసు కూర్చోనిచ్చే వంటలు. వండి, మూతపెట్టి, గిన్నెలు మధ్యలో పెట్టుకుంటే వండిన మనిషి కూడా అందరితోపాటు కంచం ముందు కూర్చోవచ్చు. కూర్చోనివ్వరు, అది వేరే సంగతి. కానీ వంట అడ్డం పడదు. దోసె, పుల్కా, పూరీ, ఈ హామ్ చీజ్ శాండ్‌విచ్ అలా కాదు. పెనం మీద నుంచి తీసిన అయిదు నిమిషాల్లో తినాలి. లేకపోతే అవి అవి కావు. అంటే తినేవాళ్లు కూర్చుని ఉండాలి, చేసేవాళ్లు నిలబడి ఉండాలి. ఒకరి వేడి ఇంకొకరి నిలబాటు మీద ఆధారపడి ఉంటుంది. ఇంట్లో పదిమంది పనివాళ్లున్న జమీందారుకి ఇది సమస్య కాదు, ఒంటరిగా బతికే మనిషికీ సమస్య కాదు. సమస్యంతా కుటుంబానిదే. అందులోనూ ఎప్పుడూ ఒకే మనిషి పెనం దగ్గరుండే కుటుంబానిది.

‘వేడివేడిగా’ అనే మాటని మనం ఎంత ముద్దుగా వాడతాం! అది అమ్మ ప్రేమకి పర్యాయపదం అయి కూర్చుంది. కథల్లో, సినిమాల్లో, వంటనూనె ప్రకటనల్లో ఆవిరి కక్కే పళ్లెం పట్టుకుని నవ్వుతూ వచ్చే ఆడమనిషి లేకుండా ఇల్లే లేదు. ఆమె తిన్నదా, ఎప్పుడు తిన్నది, ఎలా ఉన్నది తిన్నది అని కెమెరా వెనక్కి తిరిగి చూడదు. 2021లో వచ్చిన మలయాళ సినిమా ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ చూసి ఎంతోమంది మగవాళ్లు ఉలిక్కిపడ్డారంటే, ఆ కెమెరా ఒక్కసారి వెనక్కి తిరిగినందుకే. మగవాళ్లు తిని లేచిన ఎంగిలి బల్ల ముందు ఆ అత్తాకోడళ్లు కూర్చునే దృశ్యం చూసి మన ఇళ్లల్లో ఎవరూ “ఇలా కూడా జరుగుతుందా?” అని అడగలేదని గుర్తు.

ప్రభుత్వ లెక్కలే తీసుకోండి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తుంటే, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2019లో చేసిన అదే సర్వేలో ఆ అంకెలు 299, 97. అయిదేళ్లలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్లకి తొమ్మిది తగ్గాయి. సమానత్వం ఇక్కడ బాగానే పాటించారు! ఈ అంకెల్ని నేను క్లాసులో బోర్డు మీద రాసిన దాన్నే. అయితే ఆ సర్వేలో రోజుని అరగంట గడులుగా విడగొడతారు. ఆ శనివారం మా అమ్మాయి అరగంట ‘వంట’ అనే గడిలో పడుతుంది. అదే అరగంట మా అందరికీ ‘భోజనం’ అనే గడి. అది రెండు చోట్లా అరగంటే. తన భోజనం ఏ గడిలో రాయాలి? సింకు దగ్గర, గిన్నెలు కడుగుతూ తిన్నది తిండి కింద వస్తుందా, అంట్ల కింద వస్తుందా?

“ఇదంతా మన వెనకబాటుతనం, ఈ శాండ్‌విచ్ పుట్టిన దేశాల్లో ఇలా ఉండదు” అనేవాళ్లు ఉంటారు. వాళ్ల చరిత్రే చూద్దాం. ముక్కలు కోసిన బ్రెడ్ మొట్టమొదట అమ్మకానికి వచ్చింది 1928లో, అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని చిలికాతీ అనే ఊళ్లో. చక్కగా కరిగే ప్రాసెస్డ్ చీజ్‌కి క్రాఫ్ట్ పేటెంట్ తీసుకున్నది 1916లో. ఆ చీజ్ ముక్కలు కోసి అమ్మడం 1950లో మొదలైంది. కోసిన బ్రెడ్, కోసిన చీజ్, కోసిన హామ్. కత్తి పని పోయింది. ఇక ఆడవాళ్ల చేతులు ఖాళీ అయి ఉండాలి కదా?

రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943 జనవరిలో, అమెరికా ప్రభుత్వం ముక్కలు కోసిన బ్రెడ్ అమ్మకాన్ని నిషేధించింది. ఆ నిషేధం రెండు నెలలైనా నిలవలేదు. అప్పుడు ఒక గృహిణి న్యూయార్క్ టైమ్స్‌కి ఉత్తరం రాసింది. బ్రెడ్ చరిత్ర రాసేవాళ్లకి బాగా ఇష్టమైన ఉత్తరం అది. భర్తా, నలుగురు పిల్లలూ పొద్దున్నే హడావుడిగా ఉంటారనీ, వాళ్ల టోస్టుకి మనిషికి రెండు చొప్పున పది ముక్కలు కోయాలనీ, మధ్యాహ్నం శాండ్‌విచ్‌లకి ఇంకో ఇరవై ముక్కలు కోయాలనీ ఆమె లెక్క చెప్పింది. ఆ తర్వాత తన టోస్టు చేసుకుంటానని రాసింది. చూశారా, కోసిన బ్రెడ్ ఆడవాళ్లకి ఎంత వరమో అని ఈ ఉత్తరాన్ని ఉదహరిస్తారు. నాకు అందులో కనపడింది ‘ఆ తర్వాత’ అన్న మాటే. ఆమె దాని గురించి ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదంతా కత్తి గురించే. తను చివరన తినడం ఆమెకి వాతావరణం లాంటిది, మార్చే వీలున్న విషయంగా తోచలేదు. నిషేధం ఎత్తేశారు, కోసిన బ్రెడ్ తిరిగొచ్చింది. ‘ఆ తర్వాత’ ఎక్కడికీ పోలేదు.

1974లో జోయాన్ వానెక్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక వ్యాసం రాసింది. 1920లలో అమెరికాలో ఉద్యోగం చేయని గృహిణి వారానికి 52 గంటలు ఇంటిపని చేస్తే, యంత్రాలన్నీ వచ్చిన 1960లలో 55 గంటలు చేస్తోందని అందులో తేల్చింది. రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో తన పుస్తకానికి ‘తల్లికి మరింత పని’ అనే అర్థం వచ్చే పేరే పెట్టింది. కారణాలు వాళ్లు వివరంగా చెప్పారు, ఇక్కడ మళ్లీ అప్పజెప్పను. ఒక్కటి మాత్రం అంటాను. పని తేలికైన కొద్దీ దాన్ని పంచుకోవాల్సిన అవసరం లేదనే వాదన బలపడింది. “అయిదు నిమిషాల పనికి ఇద్దరెందుకు?” అయిదు నిమిషాల పనులు రోజుకి అరవై ఉంటాయని ఎవరు లెక్కపెడతారు?

ఇదే శాండ్‌విచ్‌కి ఫ్రాన్సులో ఒక షోకైన అక్క ఉంది. ‘క్రోక్ మస్యే’ అంటారు. మస్యే అంటే అయ్యగారు. దాని మీద గుడ్డు అట్టు వేస్తే ‘క్రోక్ మదామ్’, అమ్మగారు. ఆ గుడ్డు ఆడవాళ్ల టోపీలా ఉంటుంది కనక ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. అయ్యగారు అసలు వంటకం, అమ్మగారు దాని మీద అలంకారం! మన వ్యాకరణంలో మహద్వాచకాలు, అమహద్వాచకాలు చదువుకున్నవాళ్లకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి హామ్ గురించి కూడా చెప్పాలి. హామ్ అంటే పంది తొడ మాంసం. ఉప్పులో ఊరేసి, చాలాసార్లు పొగ కూడా పట్టించి నిలవచేసేది. మా ఇంట్లో మేకమాంసం, కోడి తినేవాళ్లం. పంది మాంసం పేరెత్తితే మా నాయనమ్మ చెంబుతో నీళ్లు తెచ్చుకుని పుక్కిలించేది. పందులు పెంచే ఎరుకలవాళ్ల గుడిసెల మీదుగా స్కూలుకి వెళ్లొద్దని చుట్టుతోవ చూపించేవారు. నాతోపాటు పనిచేసిన ఒక దళిత క్రైస్తవ లెక్చరర్, వాళ్లింట్లో ఆదివారం పందికూర వండితే సోమవారం టిఫిన్ డబ్బాలో మాత్రం పచ్చడి మెతుకులే తెచ్చుకునేది. ఎందుకో నేను పదేళ్లు అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాను. రిటైరయ్యే ముందు తనే చెప్పింది. “మీ స్టాఫ్‌రూమ్‌లో మూత తీసే ధైర్యం నాకు లేదు మేడం” అని. ‘మీ’ స్టాఫ్‌రూమ్!

ఇప్పుడు నా మనవడు హామ్ ముక్కని చేత్తో తీసుకుని ఉత్తదే తినేస్తున్నాడు. తిననివ్వండి, నాకేం అభ్యంతరం లేదు, నేనూ తిన్నాను. కానీ అదే మాంసం ఇంగ్లీషు పేరు పెట్టుకుని ప్లాస్టిక్ పొరలో పలచగా చుట్టుకుని వస్తే దాని కులం కడిగేసుకుని వస్తుంది. మా వాళ్లెవరూ దాన్ని పంది అనరు. పని విషయంలోనూ ఈ పేరు మార్పిడే జరుగుతోంది. దోసెలు వేయడం అంటే వంట. ‘గ్రిల్డ్ శాండ్‌విచ్ చేసేయడం’ అంటే వంట కాదు. అందుకే ఆ శనివారం మా అమ్మాయి ‘ఇవాళ వంటేం లేదు’ అంది. చేసే మనిషే తన పనిని పని అనకపోతే, సభలో ఆ పెద్దమనిషి అయిదు నిమిషాలు అన్నాడంటే ఆశ్చర్యమేముంది? ఒక ఇంగ్లీషు పేరు కింద తినే మాంసపు కులమూ, నిలబడ్డ మనిషీ రెండూ కనపడకుండా పోయాయి.

ఇది చదివి కొంతమంది యువ రచయిత్రులు నాతో విభేదిస్తారని తెలుసు. “వండడం నాకిష్టం, అది నా సృజన, దాన్ని చాకిరీ అని మీరెందుకు అంటారు?” అని ఒకమ్మాయి నన్ను నిలదీసింది కూడా. ఆమెది న్యాయమైన ప్రశ్న. మా తరం వంటింటిని తిట్టిన తిట్లలో కొన్ని అక్కడ బతికిన మన అమ్మలకే తగిలాయి. వంట ఇష్టమైతే శుభం. సన్న సెగ మీద బ్రెడ్ బంగారు రంగు తేలుతుంటే చూడ్డం నాకూ ఇష్టమే. కానీ వండడం ఇష్టం కావడం వేరు, చివర్న తినడం ఇష్టం కావడం వేరు. తన సృజనని మాడి, చల్లారి, సింకు దగ్గర ఆస్వాదించే కళాకారుడు ఇంకే కళలో ఉన్నాడో చెప్పమనండి.

ఆ శనివారం తర్వాత నేను ఊరుకోలేదు. మర్నాటి వారం “ఓవెన్లో చేద్దాం” అన్నాను. ఓవెన్ తెరిస్తే నిండా మూకుళ్లూ, బాణలీలూ, నాన్‌స్టిక్ పెనాలూ. మనవాళ్ల ఇళ్లల్లో ఓవెన్ అంటే గిన్నెల అలమర అని అప్పుడు తెలిసింది. అన్నీ బయటపెట్టి, పెద్ద ట్రేలో ఆరు శాండ్‌విచ్‌లు వరసగా పేర్చాం. బయటివైపు వెన్న మామూలే. బ్రెడ్ వంకరపోకుండా పైన ఇంకో ట్రే బోర్లించాం. ఓవెన్ 425 ఫారన్‌హీట్‌లో, మధ్యలో ఒకసారి తిరగేసి, పది పన్నెండు నిమిషాలు. ఆరూ ఒక్కసారే అయ్యాయి. ఆ ఇంట్లో నేనున్న మూడు నెలల్లో మొదటిసారి అయిదుగురం ఒకేసారి కూర్చున్నాం. మా అమ్మాయి ప్లేట్లో చీజ్ సాగింది. తినేటప్పుడు నాలుక కాల్చుకుని “అబ్బా” అంది. ఆ ‘అబ్బా’ నాకు ఎంత బాగుందో!

అల్లుడు తిని, “బాగుంది అత్తయ్యా. కానీ పెనం మీద చేసినంత కరకరలాడట్లేదు” అన్నాడు.

అబద్ధం కాదు. పెనం మీద వచ్చే కరకర ట్రేలో పూర్తిగా రాదు. నేను ఒప్పుకున్నాను. “అయితే వచ్చేవారం పెనం మీద నువ్వు చెయ్యి బాబూ” అన్నాను. అతను చెడ్డవాడేం కాదు. సరేనన్నాడు. ఆదివారం నిజంగానే చేశాడు, బాగానే చేశాడు. తొందరపడలేదు, మంట పెంచలేదు, ఒక్కటి కూడా మాడలేదు.

పిల్లలు “ఆకలి!” అని మొదలుపెట్టారు. మా అమ్మాయి వాళ్లని గదమాయించింది. “ఉండండి, నాన్న అంత కష్టపడి చేస్తున్నారు. నాన్న కూడా వచ్చాక అందరం కలిసి తిందాం.” అయినవి అయినట్టు తీసి, ఓవెన్‌ని 200 దగ్గర సన్నగా పెట్టి, అందులో తీగల పళ్లెం మీద ఉంచింది. కింద గాలాడితే బ్రెడ్ మెత్తబడదట. మూడు వాయలూ అయ్యేదాకా పిల్లలు బుద్ధిగా ప్లేట్ల ముందు కూర్చున్నారు. అతను చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక అన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. అన్నీ వేడిగానే ఉన్నాయి.

భోజనాలయ్యాక వంటింట్లో అడిగాను. “ఇలా ఓవెన్లో వేడిగా ఉంచొచ్చని నీకు ముందే తెలుసా?”

“తెలుసమ్మా. పార్టీలప్పుడు అలాగే చేస్తాం.”

“మరి నువ్వు చేసినప్పుడు?”

పెనం తోముతున్న చెయ్యి ఆగింది. ట్యాపు కట్టేసి, నా వైపు తిరక్కుండానే, “నేను చేసినప్పుడు ఎవరైనా ఆగుతారని నాకు తట్టలేదు” అంది.